పద్నాలుగు మెట్ల లోతు

గట్టుకింద పేటలో పర్మిషన్ అడిగి ఇల్లు కట్టినవాడు ఎవడూ లేడు. స్టెల్లా ఒక్కతే అడిగింది. ఆవిడకి మతి చెడిందని పేట మొత్తం ఏకగ్రీవంగా తేల్చేసింది.

అడిగింది మేడ మీద మేడ కాదు, ఒక్క గది. వరదని ఆపడానికి ఎప్పుడో పోసిన ఏటిగట్టు నెత్తి మీద తారు రోడ్డు ఉంది. రోడ్డుకి అవతల గోదావరి, ఇవతల వాలు, వాలు కింద ఇళ్లు. స్టెల్లా ఇంటి ముంగిట్లో నిలబడితే రోడ్డు మీద పోయే సైకిలు చక్రాలు తలకి పైన కనిపిస్తాయి. ఇంటి డాబా మాత్రం సరిగ్గా రోడ్డు ఎత్తుకి వస్తుంది. డాబాకీ రోడ్డుకీ మధ్య పదడుగుల ఖాళీ. డాబా మీద ఒక గది వేసి, ఆ పదడుగులకీ ఓ చిన్న వంతెన కడితే ఆమె భర్త సుందరరావు చక్రాల కుర్చీలో తనంతట తాను రోడ్డెక్కగలడు. ఆమెకి కావలసింది అంతే.

సుందరరావు పోస్టుమాస్టరుగా రిటైరైన మనిషి. పోస్ట్‌మాన్ సెలవు పెడితే తనే సంచీ తగిలించుకుని గట్టు పొడుగునా ఉత్తరాలు పంచి వచ్చేవాడు. పక్షవాతం వచ్చి కుడి కాలూ కుడి చెయ్యీ తీసుకుపోయింది. ఇంటికీ రోడ్డుకీ మధ్య ఉన్న పద్నాలుగు మెట్లూ అప్పట్నుంచి ఆయన పాలిట పద్నాలుగు గోడలయ్యాయి. ఆదివారం ఆరాధనకి పేటలో ఉండే పోతురాజూ, ఇంకో ముగ్గురూ వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోసేవాళ్లు. ఒక ఆదివారం సగం మెట్ల దగ్గర పోతురాజు, "మాస్టారండోయ్, ఈ వారం పార్సిలు బరువెక్కిందండి," అన్నాడు. అందరూ నవ్వారు. సుందరరావు నవ్వలేదు. మరుసటి ఆదివారం జ్వరమన్నాడు, ఆ పై ఆదివారమూ జ్వరమన్నాడు. ఆ జ్వరం ఇప్పటికి నాలుగు నెలలుగా నడుస్తోంది. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి, నాలుగు నెలలుగా గోదావరిని చూడలేదు. ఆయన కోపం పోతురాజు మీద కాదని స్టెల్లాకి తెలుసు. పార్సిలన్న మాట నిజమైపోయినందుకే ఆయన బాధంతా.

వాలు తవ్వి ర్యాంపు వేసుకుందామంటే, గట్టుని తవ్వడం గానీ, గట్టు మీద కట్టడం గానీ శిక్షార్హమైన నేరమని ఒక బోర్డు ఉంది. ఆ బోర్డు పక్కింటి దుర్గారావు గారి వరండాలో ఉంది. బోర్డు పాతినప్పుడు అక్కడ వరండా లేదు. ఆయన గట్టు వాలుని కోసి మూడంతస్తులు లేపి, వరండా వేస్తూ వేస్తూ బోర్డుని లోపల కలిపేసుకున్నాడు. ఇప్పుడు దాని మీద తువ్వాళ్లు ఆరేస్తారు.

"ఎందుకండీ టీచరుగారూ ఈ పర్మిషన్ల గోల?" అన్నాడు దుర్గారావు, కాగితాలు పట్టుకుని బయల్దేరిన స్టెల్లాని చూసి. "నేనడిగేనా? మా నాన్నగారడిగేరా? అడిగితే కాదనడానికేగా వాళ్లక్కడ కూర్చున్నది!"

"అడక్కుండా కడితే పడగొడతారండి."

"మాది పడగొట్టేరా?"

"మీది పడగొడితే దాంతోపాటు గట్టు కూడా పోతుందని భయం కాబోలండి."

దుర్గారావు దాన్ని మెప్పుగానే తీసుకుని మీసం దువ్వుకున్నాడు. ఆయనతో మాట్లాడితే ఇదే చిక్కు. ఎంత చురక వేసినా చర్మం దాకా పోదు.

స్టెల్లా ముప్పై మూడేళ్లు పిల్లలకి లెక్కలు చెప్పింది. రూలు ఉంటే దాని ప్రకారం నడవాలి, నడిస్తే పని అవుతుంది, ఇదీ ఆమె నమ్మకం. పేట మొత్తం మీద ఈ నమ్మకం పెట్టుకున్న మనిషి ఆమె ఒక్కతే కాబట్టి దాన్ని మొండితనం అనేవాళ్లు. ఆ మొండితనంతోనే గ్రామ సచివాలయానికి వెళ్లింది.

అక్కడ ఇంజినీరింగ్ అసిస్టెంటు శారోన్. ఆ పిల్ల కూడా గట్టుకింద పేటదే, ఒకప్పుడు స్టెల్లా దగ్గర ఎక్కాలు అప్పజెప్పినదే. ఇల్లు సుందరరావు పేరున ఉంది కాబట్టి ఆయన పేరు మీదే ఫారం తీసి ముందు పెట్టింది. ఆ ఫారం తయారుచేసిన మహానుభావుడు ఎవరో గానీ, భూమ్మీద నేలంతా క్యారమ్ బోర్డులా చదునుగా ఉంటుందని గట్టిగా నమ్మినవాడు. స్థలం పొడుగు, వెడల్పు, నాలుగు పక్కలా వదిలే ఖాళీ, అన్నీ ఉన్నాయి. వాలు అనే మాట వెతికినా లేదు. అట్టడుగున మాత్రం ఒక్క గడి ఉంది. రోడ్డు మట్టానికీ స్థలం మట్టానికీ తేడా ఎంత, అని.

స్టెల్లా కలం తీసి 14 అని రాసింది.

గట్టుకింద పుట్టిన ఎవరైనా అదే రాస్తారు. అక్కడ లోతుకి అడుగులూ లేవు, మీటర్లూ లేవు. మెట్లే. "తుఫానుకి ముంపు మూడు మెట్లెక్కింది" అంటారు. "వాళ్లదేంటండీ, తొమ్మిది మెట్ల ఇల్లు, అదృష్టవంతులు" అంటారు. అద్దెకొచ్చేవాడు గదులెన్నని అడిగే ముందు మెట్లెన్నని అడుగుతాడు. గట్టు చుట్టూ పది ఊళ్లలో ఈ లెక్క అర్థం కానివాడు లేడు.

"పద్నాలుగా టీచరుగారూ? మాది పదకొండేనండి, మీకన్నా మెరక," అంది శారోన్ కాస్త గొప్పగా, ఆ 14 ని అలాగే కంప్యూటర్లో కొట్టేసింది. గడి పక్కన చిన్న అక్షరాల్లో మీటర్లు అని ఉన్న సంగతి ఆ పిల్ల చూడలేదు. స్టెల్లా చూడలేదు. కంప్యూటరు ఒక్కటే చూసింది.

మూడు వారాల తర్వాత స్టెల్లా ఫోనుకి ఒక మెసేజీ వచ్చింది. మీ దరఖాస్తును ఎత్తైన భవనాల పరిశీలనకు పంపడమైనది. పది బై పన్నెండు గదికి ఎత్తైన భవనమేమిటో ఆమెకి అర్థం కాలేదు. పెద్దవాళ్లు శ్రద్ధగా చూస్తున్నారు కాబోలని సంతోషించింది కూడా. సంతోషించినందుకు తర్వాత తనని తానే తిట్టుకుంది.

ఆ తర్వాత గట్ల ఆఫీసు నుంచి జీపు వచ్చింది. దిగినాయన అసిస్టెంట్ ఇంజినీరు వీరవెంకటరమణ. వెనకాల టేపు పట్టుకుని ఒకడు, గొడుగు పట్టుకుని ఒకడు. రోడ్డు అంచున నిలబడి కిందకి చూశాడు, కాగితం చూశాడు, మళ్లీ కిందకి చూశాడు.

"లోయ ఎక్కడండీ?" అన్నాడు.

"ఏ లోయండీ?" అంది స్టెల్లా.

"పద్నాలుగు మీటర్ల పల్లం అని రాసేరు కదండీ. అంటే నలభయ్యారడుగులు. అంత పల్లంలోంచి రోడ్డెత్తుకి లేచిన ఇల్లు కాబట్టే ఎత్తైన భవనాల్లో వేసేరు. ఈ చుట్టుపక్కల బావులు కూడా అంత లోతుండవు."

టేపు వేశారు. పద్నాలుగు మెట్లు, మెట్టుకి ఎనిమిది అంగుళాలు, వెరసి తొమ్మిదడుగుల చిల్లర. స్టెల్లా ముఖం ఎర్రబడింది. మీటరో కిలోనో రాయని లెక్కకి ఎంతమంది పిల్లలకి సున్నా వేసింది! ఏడ్చినా అరమార్కు వెయ్యలేదు. ఇప్పుడు తన లెక్క తన ఇంటి ముందు తారు రోడ్డు మీద నిలబడి ఉంది, యూనిట్ లేకుండా.

"తప్పు నాదేనండి," అంది. ఆ మాట అనడానికి ఆమెకి చాలా కష్టమైంది. "పద్నాలుగు మీటర్లు తీసేసి తొమ్మిదడుగులు వేసెయ్యండి, సరిపోతుంది."

వీరవెంకటరమణ గొడుగు కిందకి జరిగాడు. ఎండగా ఉంది. దుర్గారావు వరండాలోంచి, "రండి సార్, రండి, బొండాలు కొట్టించేను," అని పిలిచాడు. ఇంజినీరుగారు వెళ్లి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గట్టు మీద కట్టడం నేరమనే బోర్డుకి టోపీ తగిలించి బొండాం అందుకున్నాడు. అక్కడినుంచే పని మొదలెట్టాడు.

"ముందు గట్టు పాదం నుంచి మీ ఇంటికి దూరం కొలవాలండి. వాలు దిగి నేల మొదలైన చోటే పాదం. అక్కడ పట్టుకోరా టేపు."

టేపువాడు వాలు వెంట వెతుక్కుంటూ వచ్చి వచ్చి ఇంజినీరుగారి కుర్చీ దగ్గర ఆగిపోయాడు. స్టెల్లా ఇంటి పక్క నుంచి గీత పట్టుకొస్తే గట్టు పాదం దుర్గారావు వరండా గచ్చు కింద ఉంది. గచ్చు మీద కుర్చీ, కుర్చీలో ఇంజినీరుగారు.

"మీరు కూర్చున్నదే పాదమండి," అంది స్టెల్లా.

ఇంజినీరుగారు లేవలేదు. ఒక కాలు పైకెత్తాడు, టేపువాడు దాని కింద కొక్కెం పెట్టాడు.

"మరి ఈ వరండా సంగతేంటండీ?"

"ఇది ఆల్రెడీ ఉన్న కట్టడమండి. దీని సంగతి వేరు."

"అంటే కట్టేసినవాళ్లకి ఒక రూలు, అడిగినవాళ్లకి ఒక రూలునా?"

"ఆయ్, అంతేనండి," అన్నాడు ఆయన, ఎవరైనా మంచి విషయం త్వరగా గ్రహిస్తే మెచ్చుకున్నట్టు. "ఇహ అంకె సంగతి. ఫైలు పైకెళ్లిపోయింది, అంకె మార్చడం కుదరదండి. రద్దు చేసుకుని కొత్తగా పెట్టుకోవాలి. అదే స్థలానికి మళ్లీ పెట్టాలంటే ఏడాది ఆగాలండి."

"ఏడాదా! మరి ఇప్పుడేం చెయ్యమంటారు?"

"దరఖాస్తులో ఉన్నట్టుగా స్థలం ఉండాలండి."

"నలభయ్యారడుగులు తవ్వమంటారా?"

"తవ్వాలంటే దానికి వేరే పర్మిషన్ కావాలండి," అన్నాడు వీరవెంకటరమణ. నవ్వుతాడేమోనని స్టెల్లా ఆయన మొహంలోకి చూసింది. నవ్వలేదు. ఉద్యోగంలో చేరినరోజే నవ్వుని సర్వీసు పుస్తకంతోపాటు ఆఫీసులో దాఖలు చేసినట్టున్నాడు. బొండాంలో లేతకొబ్బరి గీకించుకుని తిని, జీపెక్కి వెళ్లిపోయాడు.

స్టెల్లా పద్నాలుగు మెట్లూ దిగి ఇంట్లోకి వెళ్లింది. సుందరరావు మంచం మీద గోడ వైపు తిరిగి ఉన్నాడు.

"ఏమన్నారు?"

చెప్పింది. మీటర్లూ అడుగులూ చెప్పింది, ఇంజినీరుగారి కాలి కింద కొక్కెం చెప్పింది. ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుని దగ్గరికి వెళ్తే నవ్వుతున్నాడు.

"టీచరుగారికి సున్నా," అన్నాడు. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. "పోనీలే స్టెల్లా. ఎందుకొచ్చిన గొడవ. నాకిక్కడే బాగుంది."

ఇంజినీరుగారు అన్న అన్ని మాటలకన్నా ఆ ఒక్క మాట ఆమెకి ఎక్కువ మంట పుట్టించింది. నలభయ్యేళ్ల కాపురంలో ఆయన ఆమెతో అబద్ధం చెప్పింది తక్కువ. ఇంత అన్యాయమైన అబద్ధం ఎన్నడూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే మళ్లీ సచివాలయంలో ఉంది. శారోన్ ఆమెని చూసి లేచి నిలబడి, "నేను కూడా చూసుకోలేదండి టీచరుగారూ," అని కళ్లనీళ్లు పెట్టుకోబోయింది.

"ఏడుపు తర్వాత. ముందు కంప్యూటరు చూడు. అడక్కుండా ఏం కట్టుకోవచ్చో చెప్పు."

శారోన్ చూసింది. "ఇటుక పెడితే కట్టడమేనండి. సిమెంటు వాడితే కట్టడమేనండి. రేకుల షెడ్డు వేసినా కట్టడమేనండి."

"పందిరి?"

శారోన్ పైనుంచి కిందకి ఒకసారి, కిందనుంచి పైకి ఒకసారి వెతికింది. "పందిరికి గడి లేదండి."

ఎలా ఉంటుంది? ఈ సీమలో పిల్ల పుట్టినా, పెద్దాయన పోయినా, వీధి మూసేసి పందిరి వేస్తారు. బస్సులు చుట్టూ తిరిగి పోతాయి గానీ పర్మిషన్ ఉందా అని డ్రైవరు కూడా అడగడు. పందిరిని అడ్డుకున్న అధికారి ఇంతవరకూ పుట్టలేదు. అధికారులు కూడా దాని కిందే భోంచేస్తారు మరి.

"కొబ్బరిమొద్దుల వంతెన?"

"ప్రతి ఇంటి ముందూ బోదె కాలవ మీద ఉండేదేగా టీచరుగారూ, దానికీ లేదండి," అంది శారోన్. అప్పటికి అర్థమై, కన్నీళ్లతోనే నవ్వింది.

స్టెల్లా అక్కడినుంచి నేరుగా పోతురాజు దగ్గరికి వెళ్లింది. కుర్చీ మోసిన పోతురాజే పేటకంతటికీ పందిళ్లు వేసేవాడు. దరఖాస్తు తిరిగినన్నాళ్లలో మాస్టారి నాలుగు నెలల జ్వరం ఏడు నెలలకి సాగింది. అదెందుకు వచ్చిందో అతనికి తెలుసు. ఆమెని చూడగానే తలొంచుకున్నాడు.

"డాబా మీద పందిరి వెయ్యాలి. రోడ్డు దాకా మొద్దులు వెయ్యాలి. గట్టు వాలులో ఒక్క గెడ కూడా పాతకూడదు," అంది.

"అలాగేనండి. ఏం ఫంక్షనండీ?"

"ఫంక్షనే. వెయ్యి."

"ఎన్నాళ్లుంచాలండీ?"

"మాస్టారు ఉన్నన్నాళ్లు."

పోతురాజు ఆ సాయంత్రమే సరంజామా దింపాడు. మూడు రోజులు ఇంకొకరిని చెయ్యి వెయ్యనివ్వలేదు. సరుగుడు బాదులు పిట్టగోడకి బిగించాడు, పైన తాటాకు రెండు వరసలు కప్పాడు, చుట్టూ కొబ్బరాకు తడికెలు కట్టాడు. నాలుగు కొబ్బరిమొద్దులు ఒక కొస డాబా మీదా, ఒక కొస రోడ్డు అంచునా ఆనించి, వాటి మీద మామిడి చెక్కలు కొట్టాడు. చక్రం పక్కకి పోకుండా రెండు వైపులా వెదుళ్లు కట్టాడు. గట్టు మీద ఒక్క గడ్డిపరక నలగలేదు. రోడ్డున పోయేవాళ్లు ఆగి ఎవరి పెళ్లని అడిగారు. దుర్గారావు, "ఈ పాటిదానికి ఇన్నాళ్లు ఆఫీసుల చుట్టూ తిరగాలా అండీ, నన్నడిగితే చెప్పేవాణ్ణిగా," అన్నాడు. స్టెల్లా ఆయన వంక కూడా చూడలేదు.

నాలుగో రోజు పొద్దున పోతురాజు సుందరరావు మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"మాస్టారండీ, ఆ రోజు నోరు జారేనండి."

సుందరరావు గోడ వైపే చూస్తున్నాడు.

"ఇదొక్కసారే మొయ్యనివ్వండి. పైకెళ్లేక మరి నేను కాదు కదా, ఎవరూ మొయ్యక్కర్లేదండి."

సుందరరావు ఇటు తిరిగి ఎడంచెయ్యి చాపాడు. పద్నాలుగు మెట్లూ నలుగురూ ఒక్క మాట మాట్లాడకుండా మోశారు. స్టెల్లా చక్రాల కుర్చీతో పైన నిలబడి ఉంది. అందులోకి దించగానే సుందరరావు అందర్నీ పక్కకి పొమ్మని చెయ్యి ఊపాడు. ఎడంచేత్తో చక్రం తోస్తూ, ఎడంకాలితో చెక్కల్ని తన్నుకుంటూ, మెల్లగా వంతెన దాటి పందిట్లోకి వెళ్లాడు. వెళ్లినవాడు అక్కడ ఆగలేదు. కుర్చీ తిప్పుకుని మళ్లీ రోడ్డు మీదకి వచ్చాడు. రోడ్డు దాటి అవతలి అంచున ఆగాడు. వేసవి మొదలు, ఏరు చిక్కిపోయి ఇసుక మేటలు బయటపడ్డాయి.

"ఎంత లాగేసిందే," అన్నాడు. స్టెల్లా వచ్చి కుర్చీ పక్కన నిలబడింది. పోతురాజు మొహం తుడుచుకుంటూ మెట్లు దిగిపోయాడు.

పందిరి గది కాదు. మే నెలలో వడగాలి కొట్టింది, తడికెలకి నీళ్లు చల్లారు. జూన్ వానకి రెండు చోట్ల కారింది, పోతురాజు వచ్చి ప్లాస్టిక్ బరకం కప్పాడు. స్టెల్లా వంట కింద చేసి, రోజుకి నాలుగుసార్లు మెట్లెక్కి దిగుతూ మోకాళ్లు పట్టుకుని ఇంజినీర్లందర్నీ పేరుపేరునా తిట్టుకుంది. సుందరరావు జ్వరం మాత్రం మళ్లీ రాలేదు. పొద్దున్నా సాయంత్రమూ రోడ్డు మీదే ఉండేవాడు. ఆదివారం అందరికన్నా ముందే చర్చి గుమ్మంలో ఉండేవాడు.

జూలైలో గోదావరికి వరద ఎర్రనీరు వచ్చిన వారం, స్టెల్లా కింద వంటింట్లో పులుసు కలుపుతుండగా శారోన్ గొంతు వినిపించింది. "మాస్టారండీ! మాస్టారండీ!" అంటూ చేతిలో కవరుతో పాత అలవాటున మెట్లన్నీ దిగి వచ్చి, ఖాళీ మంచం చూసి తికమకపడి నిలబడింది.

"ఇక్కడమ్మా శారోన్!" అని పైనుంచి కేక వినబడింది. "ఉత్తరమైతే పైకి పట్రా!"

శారోన్ మళ్లీ పద్నాలుగు మెట్లూ ఎక్కింది. వెనకాలే చెయ్యి తుడుచుకుంటూ స్టెల్లా. పైకొచ్చేసరికి ఇద్దరికీ ఆయాసం. సుందరరావు రోడ్డు అంచున కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కవరు అందుకుని, ముందు పోస్టుమాస్టరు అలవాటుగా ముద్ర చూసి, తేదీ చూసి, పళ్లతో అంచు చింపి, పైకి చదివాడు.

"సదరు ఎత్తైన నిర్మాణంలో నడవలేని వారు పై అంతస్తుకు చేరుకొనుటకు లిఫ్టు గానీ ఇతర సదుపాయం గానీ చూపనందున, దరఖాస్తును తిరస్కరించడమైనది."

శారోన్ తలొంచుకుని, "నేను రాసింది కాదండి," అంది.

స్టెల్లాకి ఒళ్లు మండిపోయింది. నడవలేని మనిషి కోసం అడిగిన గదిని, నడవలేని మనిషి ఎక్కలేడని కాదన్నారు! ఆ కాగితం లాక్కుని గోదాట్లో పారేద్దామని చెయ్యి చాపింది. సుందరరావు ఇవ్వలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అందినట్టు సంతకం కావాలేమోగా?" అని అడిగాడు.

"కావాలండి. కుదరకపోతే టీచరుగారు పెట్టినా ఫరవాలేదండి."

"ఎందుకు? నా పేరు మీద వచ్చింది."

రసీదు ఒళ్లో పెట్టుకుని, ఎడంచేత్తో, ఒకటో తరగతి పిల్లాడి రాతలా వంకరటింకరగా చాలాసేపు రాశాడు. వెనక నుంచి వచ్చిన లారీ హారన్ కొట్టి, పక్కకి తప్పుకుని వెళ్లింది. ఆయన తలెత్తలేదు. రాయడం అయ్యాక శారోన్ రసీదు తీసుకుని చూసింది. సంతకం పక్కన తేదీ ఉంది, టైము ఉంది. వాటి కింద, గట్టు రోడ్డు మీద స్వయంగా అందుకున్నాను, అని ఉంది.